దండెం మీద చొక్కా

ప్రతి నెలా 1వ తేదీన తెల్లారకముందే సంచీ భుజాన వేసుకుని పింఛన్లు ఇవ్వడానికి బయల్దేరతాను. వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీ ఉద్యోగం నాది. మా పలాస, కాశీబుగ్గ వీధుల్లో పింఛన్లు పంచేవాళ్ళకి ఒక చిక్కుంది. వేరే చోట చేసేవాళ్ళకి చెబితే నవ్వుతారు. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడదు. బొటనవేలు పెట్టమ్మా, పోనీ చూపుడువేలు, పోనీ ఎడమ చెయ్యి, కొంగుతో తుడిచి ఇంకోసారి... ఊహుఁ. ముప్పై నలభై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేళ్ళవి. గీతలెప్పుడో అరిగిపోయాయి. ఆఖరికి కనుపాపో, మొహమో చూపించి పని కానిస్తాం.

మొన్న ఒక ముసలమ్మ నాలుగుసార్లు వేలు పెట్టి, పడక, "నా యేలు మీద నానెవల్నో రాసి నేదంట సూడమ్మా" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. తిరిగి వస్తూంటే మాత్రం దారంతా మా అమ్మే.

మా నాన్న 1995లో అండమాన్ వెళ్ళాడు. సంక్రాంతి దాటాక, అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే. మా శ్రీకాకుళం జిల్లాలో అండమాన్ అంటే ఎవరూ కళ్ళు పెద్దవి చెయ్యరు. తాతల కాలంలో రంగూన్ వెళ్ళేవాళ్ళు, ఆ తర్వాత ఖరగ్‌పూర్, అండమాన్, ఇప్పుడు చేపల వేటకి గుజరాత్. మా వైపు ఏ ఊరు చూసినా పోర్ట్‌బ్లెయిర్‌లో మనవాళ్ళు ఉన్నారనే ఇల్లు ఒకటైనా తగులుతుంది. నాన్న జీడి బట్టీలో పిక్కలు కాల్చే పని చేసేవాడు. ఎవరో మేస్త్రీ వచ్చి అక్కడ రోడ్డు పనులకి మనుషులు కావాలన్నాడట. రెక్సిన్ సంచీ ఒకటి పట్టుకుని పలాస స్టేషన్లో రైలెక్కాడు, విశాఖపట్నంలో ఓడెక్కాడు. అప్పటికి అమ్మకి 22 ఏళ్ళు. నాకు అయిదు. తమ్ముడు ఇంకా పాలు మానలేదు.

రెండు ఇన్‌లాండ్ ఉత్తరాలు వచ్చాయి. రెండు మనియార్డర్లు వచ్చాయి. రెండో ఉత్తరంలో దసరాకి వస్తానని రాయించాడు. అమ్మకి చదువు రాదు, నాన్నకీ అంతంతమాత్రమే. అక్కడెవరో రాసిపెట్టారు, ఇక్కడ పోస్టుమాన్ చదివి వినిపించాడు. ఆ దసరా వచ్చింది, దీపావళి వచ్చింది, మళ్ళీ సంక్రాంతి వచ్చింది. పండక్కి వచ్చిన అండమాన్ వాళ్ళని అమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. జంగ్లీఘాట్‌లో చూశామని ఒకరు. లేదు, కాంట్రాక్టరుతో నికోబార్ వైపు వెళ్ళాడని ఇంకొకరు. అక్కడ ఇంకో సంసారం ఉందని ఒకావిడ, మంచినీళ్ళు ఇచ్చినంత తేలిగ్గా చెప్పింది. అమ్మ అవన్నీ విని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు. ఏడ్చే ఉంటుంది, నేను నిద్రపోయాక.

అత్తారింటివాళ్ళు ఆర్నెల్లు చూసి చేతులెత్తేశారు. అమ్మమ్మది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు ఊరు. అక్కడికి వెళ్ళిపోవచ్చు. అమ్మ వెళ్ళలేదు. కాశీబుగ్గలో లైనిళ్ళల్లో ఒక గది అద్దెకి తీసుకుంది. తాటాకు వరండా, పెంకుల కప్పు, ఎనిమిది గదులకి ఒక నుయ్యి. వరండాలో ఈ చివర్నించి ఆ చివరికి కొబ్బరితాడు దండెం.

ఆ దండెం మీద ప్రతి ఆదివారం ఒక చొక్కా ఆరేది. నీలం గళ్ళ చొక్కా. నాన్న వదిలేసి వెళ్ళినది. వారానికోసారి పెట్టెలోంచి తీసి, సబ్బు పెట్టి, బండ మీద బాది, జాడించి, సరిగ్గా వీధిలోకి కనబడేట్టు మా గుమ్మం ముందర ఆరేసేది. సాయంత్రం తీసి మడతపెట్టి మళ్ళీ పెట్టెలో. ఎవరూ తొడుక్కోని చొక్కాకి మురికేం ఉంటుందమ్మా అని ఒకసారి అడిగాను.

"దుమ్ము పడతాది" అంది.

పెట్టెలో దుమ్మెలా పడుతుందో నాకు అర్థం కాలేదు. కానీ అదంతా నాన్న మీద ప్రేమ అనుకున్నాను. స్నేహితురాళ్ళకి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఏడో తరగతి పిల్ల బుర్రకి అంతకన్నా ఏం తోస్తుంది?

అమ్మ పని గురించి చెప్పాలి. జీడిపప్పు అందరూ తింటారు, ఆ పప్పు ఎలా బయటికి వస్తుందో మా ఊరు దాటితే చాలామందికి తెలీదు. పిక్కకి పైన మందపాటి తొక్క. ఆ తొక్క నిండా జీడి. నల్లటి నూనె, ఒంటికి తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి తోలు ఊడిపోతుంది. ఆ రోజుల్లో పిక్కల్ని డ్రమ్ముల్లో కాల్చి ఇచ్చేవారు. ఆడవాళ్ళు వరసగా కింద కూర్చుని, చేతులకి బూడిద రాసుకుని, ఒక్కో పిక్కా నిలబెట్టి చెక్కసుత్తితో కొట్టాలి. గట్టిగా కొడితే పప్పు బద్దలవుతుంది, మెల్లగా కొడితే తొక్క విడదు. గుండు పప్పుకి ఒక రేటు, బద్దకి ఒక రేటు, ముక్కకి ఇంకా తక్కువ. అంటే కోపం మీదున్న రోజు కూలి తగ్గిపోతుందన్నమాట. అమ్మ ఎప్పుడూ అదే అనేది, "మనసు బాగునేనిరోజు పిక్క బాగోదు" అని. తర్వాత తర్వాత ఆవిరి మీద ఉడకబెట్టడం, కాలితో తొక్కే కోత మిషన్లు వచ్చాయి. జీడి మాత్రం జీడే.

అక్షరం ముక్క రాని అమ్మకి నంబర్లు మాత్రం తెలుసు. పౌనుకి 320 పప్పులు తూగితే అది మూడొందల ఇరవై నంబరు. 240 తూగితే రెండొందల నలభై. 180 అంటే రాజా పప్పు, ఎక్కడో దూరదేశాలు వెళ్ళిపోయేది. అరచేతిలో పది పప్పులు పోసుకుని చూసి నంబరు చెప్పేసేది. మేం తిన్నది ఆ పప్పు కాదు. ఎండాకాలం అమ్మమ్మ వాళ్ళ తోటలో రాలిన పిక్కల్ని ఎండుటాకుల మంటలో పడేసి, రాయితో పగలగొట్టి, మూతి కాల్చుకుంటూ తిన్నాం. జీడిపళ్ళు తిని గొంతు పట్టేసి దగ్గాం, గౌన్ల మీద మరకలు చేసుకుని తన్నులు తిన్నాం. కానీ తెల్లగా, గుండుగా, నంబరు పడిన పప్పు నోట్లో పెట్టుకుంది ఒక పెళ్ళి పాయసంలో, నా పదకొండో ఏట. మా ఊళ్ళో గోడౌన్ల నిండా ఉండేది అదేనని అప్పుడు తెలిసింది.

అమ్మ చేతులు కీళ్ళ దాకా నల్లగా ఉండేవి. ఆముదం రాసి, బూడిద రాసి, చింతపండుతో తోమి, ఎంత చేసినా గోళ్ళ సందుల్లో ఆ నలుపు పోయేది కాదు. నా జడ అమ్మ ఎప్పుడూ వెయ్యలేదు. నెత్తికి జీడి తగులుతుందని భయం. పక్క గదిలో ఒడియా ముసలమ్మ ఉండేది, మావుసి అనేవాళ్ళం, ఆవిడ వేసేది. బిగించి, కళ్ళు పైకి లాక్కుపోయేలా. మాకు జ్వరమొస్తే అమ్మ అరచేత్తో నుదురు ముట్టుకునేది కాదు. చెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టు పైన గాజులు జరుపుకుని, అక్కడ తెల్లగా మిగిలిన చోటు మా నుదుటి మీద ఆనించేది. ఇప్పటికీ ఎవరికైనా ఒళ్ళు కాలుతోందేమో చూడాలంటే నా చెయ్యి తనంతట తనే అలా వెనక్కి తిరుగుతుంది. మా ఆయన మొదట్లో వింతగా చూసేవాడు.

కొట్టాల్సి వస్తే చీపురు. అరచేత్తో ఎప్పుడూ కొట్టలేదు. అదీ జీడి భయమే. ఆ లెక్కన జీడి మాకు మేలే చేసిందని తమ్ముడు అంటాడు. చీపురు దెబ్బలు వాడికి తక్కువ పడ్డాయి లెండి.

శనివారం సాయంత్రం కూలి బట్వాడా. నూట యాభై దాటిందంటే ఆ వారం బాగున్నట్టు. ట్రంకు పెట్టె మూత మీద అమ్మ డబ్బులు కుప్పలు పెట్టేది. గది అద్దె కుప్ప. బియ్యం, కిరసనాయిలు కుప్ప. కొట్టు బాకీ కుప్ప. డ్వాక్రా పొదుపు నెలకి 30 రూపాయలు, దానికో చిన్న కుప్ప. అయిదోది జొరం కుప్ప. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఉండాలని. ఆ అయిదో కుప్ప ఆదివారం పొద్దుటికి మిగతా నాలుగింట్లో కలిసిపోయేది. అందుకని మా ఇంట్లో జ్వరం రావడం తప్పు. మొహం వాడిస్తే చాలు, "జొరం డబ్బుల్లేవు, నెగు" అనేది. నవ్వుతూనే అనేది, కానీ లేచేవాళ్ళం. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది, 2000లో ఐదుంపావలా అయింది. ఆ పెరిగిన రూపాయిన్నర, రూపాయి ముప్పావలా ఏ కుప్పలోంచి తియ్యాలో అని అమ్మ పెట్టె మూత మీద నాణేలు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్న రాత్రి నాకు బాగా గుర్తు. కిందనించి తమ్ముడు ఒక అర్ధరూపాయి లాగేశాడు, బిళ్ళ కొనుక్కుందామని. అమ్మ తెల్లారేదాకా ఆ అర్ధరూపాయి కోసం లెక్క పెడుతూనే ఉంది.

తిండి ఏముంది. పొద్దున్న చోడి అంబలి, రాత్రి అన్నం. పులుసు ఉంటే కూర లేదు. నెత్తళ్ళు నాలుగు కాల్చి చింతపండు నీళ్ళల్లో వేస్తే ఆ వాసనకే గిన్నె ఖాళీ అయ్యేది.

బళ్ళో మధ్యాహ్నం అన్నం ఇంకా లేదు, మా రాష్ట్రంలో అది 2003లో మొదలైంది. అంతకుముందు హాజరు బాగుంటే నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. ఆ మూడు కిలోలు నా సంపాదన. అందుకని వాన పడినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా బడి మానలేదు. అమ్మ చీకటితో పనికి వెళ్ళిపోయేది, తమ్ముణ్ణి చంకనేసుకుని నేను బడికి. మా టీచరమ్మ వాణ్ణి తరగతిలో వెనక గోనెపట్టా మీద పడుకోబెట్టనిచ్చేది. హాజరు పిలిచేటప్పుడు నా పేరుకి వాడు కూడా "ప్రెజెంట్ మేడమ్" అనేవాడు. ఇద్దరం పలికినా బియ్యం మూడు కిలోలే. ఎనిమిదేళ్ళ పిల్లని, గోనెసంచీ నెత్తిన పెట్టుకుని లైనులోకి నడుచుకుంటూ వస్తే మావుసి ఒడియాలో ఏదో అని మెటికలు విరిచేది. ఈ రోజు దాకా ఏ నెల జీతానికీ నేనంత గర్వపడలేదు.

ఆ రోజుల్లోనే ఎవరో చెప్పారు, వితంతు పింఛను ఇస్తారని. నెలకి 75 రూపాయలు. అమ్మ ఒక పూట పని మానుకుని, నన్ను వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ బల్ల వెనకాయన మంచివాడే, విసుక్కోలేదు. మీ ఆయన పోయినట్టు సర్టిఫికెట్ ఉందా అన్నాడు.

"పోనేదు బాబూ. ఎల్లిపోనాడు."

"పోతే ఇస్తారమ్మా. వెళ్ళిపోయినవాళ్ళకి మా కాగితంలో గడి లేదు."

బయటికొచ్చాం. టీ కొట్టు దగ్గర ఒకతను మా వెనకే వచ్చాడు. అంతా విన్నాడు కాబోలు. మూడొందలు ఖర్చు పెట్టుకుంటే కాగితం తను పుట్టిస్తానన్నాడు. ఎవరికీ తెలీదు, అండమాన్ నించి వచ్చి ఎవరు చూస్తారు, నాలుగు నెలల్లో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది, ఆపైన అంతా మిగులే. లెక్క సరిగ్గానే ఉంది. అమ్మ కాసేపు ఆ లెక్కే చేసుకుంటోందని నాకు తెలుసు, పెదాలు కదిలాయి.

"డెబ్బయ్యైదు రూపాయలకి బతికున్నోడ్ని సంపీమంటావేటి?" అంది చివరికి. గట్టిగా కూడా అనలేదు. నా చెయ్యి పట్టుకుని నడిచింది. అరచెయ్యి కాదు, మణికట్టు దగ్గర పట్టుకుంది.

నాకేమో ఆకలి. డెబ్బై అయిదు రూపాయలు వద్దన్న మనిషి మీద లోపల్లోపల మంట. ఆ మంట చాలా ఏళ్ళు ఉంది.

నీలం గళ్ళ చొక్కా ఉతికి ఉతికి 2001కల్లా చీకిపోయింది. ఎవరూ వేసుకోకుండానే ఒక చొక్కా చిరిగిపోవడం మా ఇంట్లోనే చూశాను. ఆ వారం అమ్మ బట్వాడా తీసుకుని మూడు రోడ్ల దగ్గర రోడ్డు పక్కన బట్టలు పోసి అమ్మేవాడి దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది. నాకు గౌను అనుకున్నాను. కుప్పలో చెయ్యి పెట్టి వెతికి వెతికి ఒక మగవాళ్ళ చొక్కా తీసింది. గోధుమరంగు, దళసరి గుడ్డ, రెండు జేబులు. నలభై రూపాయలు. అప్పటికి తన చీరకి మూడు చోట్ల అతుకులు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, మా నాన్న పీలగా ఉండేవాడు. ఫొటో ఒకటే ఉంది, పెళ్ళినాటిది, అందులో మెడకాయ మీద తలకాయలా ఉంటాడు. ఈ చొక్కాలో నాన్నలాంటి ఇద్దరు పట్టేస్తారు. అమ్మా, ఇది చాలా పెద్దదేమో అన్నాను.

"ఇన్నేళ్ళయినాది. మడిసి లావయ్యుంటాడు" అంది అమ్మ, బేరం ఆడుతూనే.

ఆ ఆదివారం నించి గోధుమరంగు చొక్కా దండెం ఎక్కింది.

2004 డిసెంబరు 26 కూడా ఆదివారమే. మధ్యాహ్నానికి లైన్లో టీవీ ఉన్న ఇంటి ముందర జనం. సునామీ అన్న మాట ఎవరికీ నోరు తిరగడం లేదు. మెరీనా చూపించారు, నాగపట్నం చూపించారు. తర్వాత అండమాన్ అన్నారు, కార్ నికోబార్ అన్నారు. అప్పటికి అమ్మ సుత్తి పని మానేసి పొట్టు తీసే పనికి మారింది, ఆదివారం సెలవు. గుమ్మం దగ్గర నిలబడి చూసింది, లోపలికి రమ్మన్నా రాలేదు. నికోబార్ పేరు వినగానే అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశారు. చూసి, చూడనట్టు మళ్ళీ టీవీ వైపు తిరిగారు.

అమ్మ వెనక్కి వెళ్ళి దండెం మీంచి చొక్కా తీసింది. ఇంకా తడి ఆరలేదు. తడిదే మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

వారం రోజులు మనుషులు వచ్చి కూర్చుని వెళ్ళారు. ఎవరూ ఏమీ అనకుండానే పరామర్శ చేశారు. బొట్టు తీసెయ్యమనలేదు, కానీ అందరి చూపూ బొట్టు మీదే. మళ్ళీ ఒకతను దిగాడు, వేరే మనిషి, మాటలు మాత్రం పాతవే. పోయినవాళ్ళ జాబితాలు రాస్తున్నారట, ఊరూ పేరూ తెలిసినవాళ్ళు చెబితే సరిపోతుందట, ఈసారి డెబ్బై అయిదు కాదు, పెద్ద మొత్తం. అప్పటికి నాకు 14 ఏళ్ళు. కొట్టు బాకీ పదిహేను వందలు దాటింది. అతను వెళ్ళాక నేనే అన్నాను, "రాయించెయ్యమ్మా. ఉన్నా లేనట్టే కదా" అని.

అమ్మ చెయ్యి లేచింది. అరచెయ్యి. గాల్లోనే ఆగింది. తర్వాత ఆ చేత్తోనే పెట్టె తెరిచి చొక్కా తీసింది. తడి మడతల్లో వారం ఉండి బూజు వాసన వేస్తోంది. నూతి దగ్గరికి పట్టుకెళ్ళి ఉతికింది. ఆ రోజు ఆదివారం కాదు.

ఆ తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను, అందరి ఇళ్ళలో జరిగేవే. డ్వాక్రా అప్పులు, తీర్చడాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో నా డిగ్రీ. తమ్ముడి ఐటీఐ. గది వదిలి ఊరి చివర రేకుల ఇల్లు. అమ్మ వయసు అప్పటికి నలభై దాటింది, జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఆదివారం చొక్కా మాత్రం ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. తమ్ముడి చొక్కాలు దండెం నిండా ఆరడం మొదలయ్యాక అనుకుంటాను.

2018 అక్టోబరు 11, గురువారం. తిత్లీ. మా వైపు వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున తుఫాను మా వజ్రపుకొత్తూరు తీరం మీదే ఒడ్డెక్కింది. రేకులు ఒక్కొక్కటీ మేకులు ఊడబెరుక్కుని ఎగిరిపోతుంటే ఆ చప్పుడు ఏదో జంతువు అరుస్తున్నట్టుంది. ముగ్గురం మంచం కింద దూరాం. తెల్లారి చూస్తే ఇంటికి నాలుగు గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది. అమ్మమ్మ ఊళ్ళో కొబ్బరిచెట్లు మొదలంటా విరిగి ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. జీడితోట వేళ్ళతో సహా పైకి తేలింది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ రోజు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు.

బట్టలన్నీ తడిసి ముద్ద. తమ్ముడు లుంగీ ఒక్కటి కట్టుకుని వణుకుతున్నాడు. ట్రంకు పెట్టె ఒక్కటే బతికింది. అమ్మ మూత తీసి, అడుగునించి గోధుమరంగు చొక్కా లాగి వాడి మీదకి విసిరింది.

"ఏసుకో. బేగి."

వేసుకున్నాడు. వాడు నాన్నలా కాదు, అమ్మమ్మ వైపు పోలిక, ఆజానుబాహుడు. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది.

కరెంటు లేదు. ఎప్పుడు వస్తుందో తెలీదు. రెండో రోజు రాత్రి, పొరుగింటి డాబా మెట్ల కింద కూర్చున్నాం, కొవ్వొత్తి కూడా పొదుపుగా ఆర్పేసి. ఎదురుగా చీకట్లో తమ్ముడి చొక్కా మసగ్గా కనిపిస్తోంది. ఊరుకోలేక అడిగాను. ఇన్నేళ్ళు దాచావు, ఆయనంటే అంత ప్రేమా అమ్మా నీకు?

కాసేపు మాట లేదు. ఆ తర్వాత చీకట్లో నవ్వు వినిపించింది.

"పేమేటే, నీ మొకం. లైన్లో ఎనిమిది గదులు. ఇరవై రెండేళ్ళ ఆడదాయి, ఇద్దరు గుంటలు. తలుపు గడియ ఎంత లావుదైతే ఏటి, కొట్టేవోడు కొడతాడు. మొగుడు పోనాడంటే ఒక నాగ, వగ్గీసి ఎల్లిపోనాడంటే ఇంకో నాగ సూత్తారు. అండమాన్లో ఉన్నాడు, ఏ బండికైనా దిగుతాడంటే అటు కూడా సూడరు. దండెం మీద మొగోడి సొక్కా ఉంటే కుక్క నాగ కాపలా కాస్తాది. కుక్కకైతే కూడెట్టాల. దీనికి సబ్బు సాలు."

తమ్ముడూ నేనూ నోరెళ్ళబెట్టాం.

"మరి అంత పెద్ద సైజు ఎందుకు కొన్నావు?"

"కుక్కని కొన్నప్పుడు పెద్దదే కొంటారు గదేటే."

ఆ రాత్రి మేం ముగ్గురం, ఇంటికి కప్పు లేదు, తినడానికి అటుకులు తప్ప లేవు, పొట్ట పట్టుకుని నవ్వాం. పొరుగింటివాళ్ళు లేచి వచ్చి, ఏమైందని అడిగారు. నవ్వు తగ్గాక నేను మళ్ళీ అడిగాను. మరి పింఛను ఆఫీసు దగ్గర, సునామీ అప్పుడు? అదీ చొక్కా లెక్కేనా?

అమ్మ దానికి జవాబు చెప్పలేదు. నిద్ర వస్తోందంది.

ఆ మరుసటి ఏడే నాకు సచివాలయం ఉద్యోగం వచ్చింది. మొదటి నెలల్లో పింఛన్ల జాబితా చూస్తుంటే అందులో ఒక రకం కనబడింది: ఒంటరి మహిళ. వెళ్ళిపోయినవాళ్ళకి గడి వచ్చిందన్నమాట. పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మకి చెప్పాను. చెబుతుంటేనే గుర్తొచ్చింది, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదని. అమ్మకి అదీ నవ్వే. "గడి నేదన్నప్పుడు నాకు అక్కరున్నాది. గడి వచ్చేసరికి నువ్వు అడ్డొచ్చినావు" అంది. 2024 జులై నించి ఆ పింఛను 4000 అయింది. నెలనెలా వేరేవాళ్ళ చేతిలో లెక్కపెట్టి పెడుతుంటాను, ముద్ర పడని వేళ్ళల్లో.

తిత్లీ వారం సంగతి ఒకటి మిగిలింది. తమ్ముడు ఆ చొక్కా మూడు రోజులు విప్పలేదు, వేరేది ఆరలేదు. పడిన చెట్లు నరికాడు, రేకులు ఏరుకొచ్చాడు, అమ్మమ్మ ఊరు నడిచి వెళ్ళి వచ్చాడు. ఆదివారం పొద్దున్న నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మనిషికి రెండు బిందెలు. తాగడానికే చాలవు. అమ్మ ఒక బిందె పక్కన పెట్టి, తమ్ముడి ఎదుట నిలబడి చెయ్యి చాపింది.

"ఇప్పీసి ఇయ్యి."

బకెట్లో ముంచింది. సబ్బు రాసి, రెండు చేతులా పిండింది. నీళ్ళు నల్లగా దిగాయి. ఆ నీళ్ళ వంక చూసి, తల ఎత్తి నన్ను పిలిచింది.

"సూడే, ఎంత మురికో!"